ఎందుకని అడిగిన సుగ్రీవ

"పైడమ్మా, ఆ ఉల్లిపాయలు తొందరగా తరుగు" అన్నారు మా అత్తగారు.

"ఎందుకు?" అంది అలమరలోని పెట్టె.

పొయ్యిమీద ఎసరు మాత్రం తన మానాన తాను మరుగుతోంది. పైడమ్మ కత్తిపీట మీంచి కాలు తీయకుండానే నావైపు చూసింది. నేను మామయ్యగారి వైపు చూశాను. ఆయన చేతిలోని బంగాళాదుంప వైపు చూసుకున్నారు. మా అత్తగారు త్రిపురమ్మగారిని ఈ ఇంట్లో 'ఎందుకు' అని ఎవరైనా అడగడం నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి. అంతకు ముందు కూడా ఎన్నడూ జరగలేదని మామయ్యగారి ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఏమిటీ?" అన్నారు అత్తగారు మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడితేనే మాకు భయం.

"ఉల్లిపాయలు తొందరగా ఎందుకు తరగాలో చెప్పండి. అది చెబితేనే మిగతావాళ్ళకు అందజేస్తాను" అంది పెట్టె, బ్యాంకు కౌంటరులో కూర్చున్న అమ్మాయిలాగా.

గుమ్మంలో నిలబడ్డ యామిని గోళ్ళు కొరుక్కుంటోంది. యామిని నా ఆడపడుచు. ఆ పెట్టె ఆమె చేసిందే. "అమ్మా, ప్లీజ్. ఒక్క ముక్క చెప్పేయవే."

"నా వంటింట్లో నేను ఓ టిఫిన్ డబ్బాకి సంజాయిషీ ఇచ్చుకోవాలా?"

"డబ్బా కాదమ్మా. సుగ్రీవ."

"ఏ వానరమైనా సరే!" అని గరిటె గట్టుమీద పెట్టారు అత్తగారు. కానీ కూతురి ముఖం చూసి తగ్గారు. "నర్సు పిల్లలు నలుగురూ పొద్దున్నే ఆస్పత్రికి పోవాలి. ఉప్మా ఆలస్యమైతే తినకుండా పరిగెడతారు. మొన్న ఆ సన్నపిల్ల బస్సులో కళ్ళు తిరిగి పడిపోయింది. చాలా? ఇంకా చెప్పాలా?"

యామిని అత్తగారి గొంతుకు ఒక బిళ్ళ, పైడమ్మకీ మామయ్యగారికీ నాకూ చెవుల వెనక తలా ఒకటి అంటించింది. మా ముగ్గురి బిళ్ళలూ గోరువెచ్చగా అయ్యాయి. ఆ తరువాత జరిగింది మాటల్లో చెప్పడం కష్టం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ సన్నపిల్ల ఆకలి మీద మెట్లు దిగి వెళ్ళకూడదన్న ఆలోచన నాకే పుట్టినట్టు నాలో ఉంది, అంతే.

పైడమ్మ ఉల్లిపాయలు పక్కకి నెట్టేసి లేచింది. "ఉప్మా దాకా ఎందుకమ్మగోరూ? రాత్రన్నం ఉంది కదా. పెరుగన్నం కలిపీసి ఆ నలుగురికీ డబ్బాల్లో పెట్టీస్తాను. బస్సులో తినీస్తారు. ఉప్మా మిగిలినోళ్ళకి నిదానంగా అవుద్ది."

అది అత్తగారికి తోచాల్సిన సంగతి. తోచలేదు. ఇరవై ఏళ్ళుగా పైడమ్మకు ఉల్లిపాయలు తరగమన్న ముక్కే వినబడింది తప్ప, ఆ నలుగురు పిల్లలు కనబడలేదు.

"దాంట్లో అల్లంముక్క వెయ్యి" అన్నారు చివరికి.

"ఎందుకు?" అంది సుగ్రీవ.

"నీ మొహం!" అన్నారు అత్తగారు. మామయ్యగారు నవ్వు ఆపుకోలేక దుంప కింద పడేశారు.

మాది విశాఖపట్నంలో, మహారాణిపేటలో ఉద్యోగం చేసుకునే ఆడపిల్లల హాస్టల్. పైన అరవైమంది పిల్లలుంటారు, కింద మేముంటాం. మామయ్యగారు పోర్టులో రిటైరయ్యారు. మా ఆయన ఇప్పుడు అక్కడే చేస్తున్నాడు. హాస్టల్ నడిపేది మాత్రం అత్తగారే. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో ఆవిడ చెబుతారు, మేం చేస్తాం. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. జర్మన్ సైన్యంలో ఆజ్ఞలు పైనుంచి కిందికి ఎలా వెళ్ళేవి, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న విషయం మీద పరిశోధన చేశాను. ఈ సంగతి మా చుట్టాల్లో ఇప్పటికీ పెద్ద హాస్యం. "మా మంజరి జర్మనీ సైన్యం మొత్తాన్ని చదివేసింది, చారులో పోపు మాత్రం మాడుస్తుంది" అని అత్తగారు పెళ్ళిళ్ళలో చెప్పేవారు.

అలాంటిది ఒక రోజు యామిని కాలేజీకే వచ్చి, స్టాఫ్ రూములో నా ఎదురుగా కూర్చుంది. "వదినా, నీ జర్మన్ల గొడవ నాకు కాస్త చెబుతావా?"

నేను చదివింది ఒకళ్ళు అడిగి మరీ వినడం అదే మొదలు.

యామిని పనిచేసేది తుఫాను సహాయం మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో. గాలివాన వస్తే ముందు పడిపోయేవి ఫోను టవర్లు. కలెక్టరాఫీసు నుంచి వచ్చే ఆజ్ఞ సగంలో ఆగిపోతుంది, లేదా అందేసరికి పరిస్థితి మారిపోతుంది. 'పడవలు ఫలానా చోటికి పంపండి' అంటారు. ఆ చోట ఈపాటికి మనుషులు లేరని పడవ నడిపేవాడికి తెలుసు. అయినా ఆజ్ఞ కనుక వెళతాడు. టవరు లేకుండా పెట్టె నుంచి పెట్టెకు మాట పంపగలనంది యామిని. మనిషి మాట అనే ముందు గొంతు నరాల్లో పుట్టే కదలికను పట్టి, ఆ మాట వెనకున్న ఉద్దేశాన్ని మరో మనిషికి అందించడం కూడా వచ్చిందట. ఏం అందించాలన్నదే తేల్చుకోలేకపోతోంది.

మర్నాడు వాళ్ళ ప్రయోగశాలకి ఒక పొట్లం వేయించిన శనగలు, ఒక పొట్లం పల్లీలు తీసుకెళ్ళాను. బల్లమీద యామిని చున్నీని నదిలా పరిచాను.

"ప్రష్యా అని పాత జర్మన్ రాజ్యం. దాని ఆఫీసర్లు ఇలాగే బల్లమీద యుద్ధం ఆడుకుంటూ నేర్చుకునేవాళ్ళు. శనగలు వాళ్ళు. పల్లీలు నెపోలియన్. యేనా అనే ఊరి దగ్గర శనగలు చిత్తుగా ఓడిపోయాయి. ఎందుకో తెలుసా? పైవాడు చెప్పేదాకా కిందివాడు కదలడు. పైవాడికేమో కింద ఏం జరుగుతోందో కనబడదు."

"అచ్చం మా డైరెక్టరుగారే" అంది యామిని.

"ఆ దెబ్బతో అంతా మార్చుకున్నారు. జనరల్ స్టాఫ్ అని ఒకటి పెట్టుకున్నారు. ప్రతి సేనాధిపతి పక్కనా చదువుకున్న ఒక సలహాదారుడు. కొన్నాళ్ళకు మోల్ట్కే అనే ఆయన పెద్దయ్యాడు. కిందివాడు తనంతట తాను తేల్చుకోలేని సంగతులే ఆజ్ఞలో ఉండాలి, అంతకు మించి ఒక్క ముక్క ఉండకూడదు అన్నాడు. ఏం సాధించాలో చెప్పు, ఎలా సాధించాలో వాడికి వదిలెయ్యి అన్నమాట. ఆస్ట్రియాతో యుద్ధంలో ఓ సైన్యానికి తంతి అందలేదు. ఏ పక్క నుంచి కొట్టాలో మాత్రం చెప్పి గుర్రం మీద కబురు పంపారు. ఆ సైన్యం సరైన వేళకు వచ్చి పడింది."

యామిని కళ్ళు మెరిశాయి. "అదే, అదే నాకు కావాలి! ఉద్దేశం పంపితే చాలు. పని వాళ్ళే చూసుకుంటారు."

"ఆగు. ఒక షరతు మీద చెబుతున్నాను." నేను శనగల పొట్లం వెనక్కి లాక్కున్నాను. "ఆ సైన్యంలో 'ఎలా' అన్నది కిందివాళ్ళకి వదిలారు సరే. సేనాధిపతి పక్కనున్న సలహాదారుడికి నచ్చకపోతే 'నేను ఒప్పుకోను' అని రాసిపెట్టుకునే హక్కు కూడా ఉండేది. హిట్లర్ వచ్చాక అదీ పోయింది. పని చేసే నేర్పు అలాగే ఉంది, 'ఎందుకు' అని పైవాణ్ణి అడిగే దారి మూసుకుపోయింది. అంత నేర్పూ ఎందుకు వాడారో లోకమంతా చూసింది. కనుక నీ పెట్టె ముందు 'ఎందుకు' అని అడగాలి. ఎంత పెద్దవాళ్ళనైనా సరే. జవాబు చెప్పందే కదలకూడదు."

అలా పుట్టింది సుగ్రీవ. సుగ్రీవాజ్ఞ అంటే తిరుగులేని ఆజ్ఞ కదా, ఆ పేరు పెట్టి తిరిగి ప్రశ్న వేసే పెట్టెను చేసింది యామిని. వాళ్ళ డైరెక్టరుగారికి అందులోని హాస్యం ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను ఆ రోజు ఇంకో యుద్ధం గురించి కూడా చెప్పబోయాను. "మార్న్ నది దగ్గర మాత్రం ఈ పద్ధతే ఎదురు తిరిగింది. పక్కపక్కనే ఉన్న రెండు సైన్యాలు..."

"ఎవరు గెలిచారు?"

"వీళ్ళు ఓడిపోయారు."

"ఓడిపోయినవి నాకెందుకు వదినా? గెలిచినవి చాల్లే" అంటూ రెండో సైన్యాన్ని గుప్పెట్లోకి తీసుకుని తినేసింది.

సుగ్రీవను పరీక్షించడానికి ఒక దండు కావాలి. ప్రతి పూటా వందలకొద్దీ ఇడ్లీలతో, ముగ్గురు మనుషులతో, ఒకే ఒక్క సేనాపతితో నడిచే దండు యామిని ఇంట్లోనే ఉంది. పరీక్ష నెగ్గితే భీమిలి అవతల ఒక పల్లె తుఫాను షెల్టరులో ఉత్తుత్తి తుఫాను డ్రిల్లు పెడతారు. ఎనిమిది వందల మందికి భోజనం. టవర్లు ఆపేస్తారు. విపత్తు సహాయ దళం నుంచి ఒక అధికారిణి వచ్చి చూస్తారు. అది కూడా నెగ్గితే ఈ ఏడు తీరమంతా సుగ్రీవలే. తప్పితే పెట్టె అటక మీదికి, యామిని వర్షపాతం కొలిచే శాఖకి.

రోజులు గడిచేకొద్దీ వంటింటి స్వరూపమే మారిపోయింది. అత్తగారు 'ఎందుకు' చెప్పడానికి అలవాటు పడ్డారు. పైగా అందులో రుచి చూశారు. "మెట్లు తుడవవే. ఎందుకంటావేమో, మూడో అంతస్తు పిల్లకి మోకాలు నొప్పి, జారితే లేవలేదు" అని పెట్టె అడగకముందే చెప్పేసి, దానివైపు గర్వంగా చూసేవారు. మామయ్యగారు ఎవరూ చెప్పకుండానే మెట్ల పక్కన తాడు కట్టారు. పైడమ్మ పాట పాడుతూ వండటం మొదలుపెట్టింది.

అప్పుడు జరిగింది చారు సంగతి.

"మంజరీ, ఇలా వచ్చి ఈ చారు రుచి చూడు" అన్నారు అత్తగారు. కొంతకాలంగా ఆవిడ ప్రతి పూటా నాచేత ఏదో ఒకటి రుచి చూపిస్తున్నారు. నాకు వంట రాదని దెప్పడానికే అనుకునేదాన్ని.

"ఎందుకు?" అంది సుగ్రీవ.

"జర్మనీ కోడలికి చారు పెట్టడం ఎప్పటికి వస్తుంది మరి? నేర్చుకుంటుందని."

చెవి వెనక బిళ్ళ వెచ్చబడింది. నా నాలుక మీద సుద్దముక్క పెట్టినట్టయింది. ఉప్పు లేదు, పులుపు లేదు, ఏమీ లేదు. నీళ్ళకీ చారుకీ తేడా తెలియని భయం. ఆ భయం వెనకాల మరొకటి: ఎవరో ఎంతో మర్యాదగా నా చేతిలోని గరిటె తీసుకుని, 'మీరలా కూర్చోండమ్మా' అంటున్నట్టు.

అది నా భయం కాదు. ఆవిడది.

"బాగుంది అత్తయ్యా" అన్నాను. చారులో ఉప్పే లేదు. ఆవిడ అటు తిరగ్గానే చిటికెడు వేశాను.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాలకి వెళ్ళి యామినిని అడిగాను. "నీ పెట్టె మనం చెప్పిన కారణాన్నే అందిస్తుందా, లేక..."

"అసలు కారణాన్ని! అదేగా దాని గొప్పతనం. పైవాడు మొహమాటానికి ఏదో చెప్పినా కిందివాడికి నిజం తెలుస్తుంది" అని ముఖం వెలిగిపోతుంటే చెప్పింది. "ఏం, వదినా?"

"ఏంలేదు" అన్నాను. అత్తగారి గరిటె ఆవిడ చేతిలోనే ఉండాలి. ఆ గరిటె పోతే ఆవిడ ఏమైపోతారో నాకు తెలుసు. బిళ్ళ వెచ్చబడినప్పుడు అది నాలోనే పుట్టిన ఆలోచనలా ఉండటంతో, తక్కిన ఇద్దరి బిళ్ళలూ అప్పుడే వెచ్చబడి ఉంటాయన్న ఊహ కూడా నాకు రాలేదు.

డ్రిల్లు రోజు ఎండ బాగా కాస్తోంది. తుఫాను బాధితులుగా నటించడానికి పల్లెజనం శుభ్రంగా తలలు దువ్వుకుని, పిల్లలకి కొత్త బట్టలు తొడిగి వచ్చారు. "ఎక్కడ మునిగిపోవాలమ్మా మేము?" అని ఒకావిడ అడిగింది. అధికారిణి నవ్వకుండా, "షెల్టరు మెట్ల దగ్గర" అని చెప్పింది.

అత్తగారు షెల్టరు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో మహారాణిలా కూర్చున్నారు. పక్కన స్టూలు మీద సుగ్రీవ. ఇసుకలో రాళ్ళపొయ్యిలు, వాటి మీద గుండిగలు. టవర్లు ఆపేశారు. ఆవిడ చెప్పడం, పెట్టె అడగడం, ఆవిడ జవాబివ్వడం, మేం ముగ్గురం మూడు మూలల్లో పని అందుకోవడం చూసి డైరెక్టరుగారు సంబరంగా రెండు చేతులూ రుద్దుకుంటూ తిరిగారు.

"సాంబారులో ఉప్పు సరిచూడండి" అన్నారు అత్తగారు.

"ఎందుకు?"

"ఎండలో వచ్చిన జనం. ఉప్పు తక్కువైతే తినరు."

బిళ్ళ వెచ్చబడింది. నాలుక మీద సుద్ద. ఆవిడ పొద్దున్న భయపడుతూ నాలుగు గుండిగల్లోనూ కాస్త కాస్తే వేశారని తెలిసిపోయింది. పైడమ్మ అన్నం గంజి వార్చడానికి వెళ్ళినప్పుడు నేను గబగబా ఒక్కో గుండిగలోనూ సరిపడా రాళ్ళుప్పు వేసి, కలియబెట్టి, ఏమీ ఎరగనట్టు ఆకులు తుడవడానికి పోయాను.

ముందుగా రుచి చూసే గౌరవం డైరెక్టరుగారికి దక్కింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉంది సార్?" అంది యామిని.

"సముద్రం... దగ్గరేగా... వండారు" అన్నారాయన కష్టంమీద.

అధికారిణి తనూ ఓ గరిటె రుచి చూసి, మంచినీళ్ళ బిందె వైపు నడిచింది. యామిని ముఖం పాలిపోయింది. మెట్ల మీద మునిగిపోయిన జనం ఆకులు ముందేసుకుని చూస్తున్నారు.

అత్తగారు కుర్చీలోంచి లేచారు. "ఉప్పు ఎవరు వేశారు?"

"నానేసినానమ్మగోరూ" అంది పైడమ్మ.

"నేనూ ఓ నాలుగు గుప్పెళ్ళు..." అన్నారు మామయ్యగారు నేల చూస్తూ.

"నేను కూడా అత్తయ్యా" అన్నాను.

మేం ముగ్గురం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. శనగలూ పల్లీలూ నా కళ్ళముందు కదిలాయి. మార్న్ నది దగ్గర పక్కపక్క సైన్యాలు రెండూ తమకు తోచిన మంచి పని తాము చేశాయి. ఒకదాని సంగతి ఇంకొకదానికి సరిగా తెలియలేదు. మధ్యలో ఖాళీ ఏర్పడింది. ఎక్కడో దూరాన కూర్చున్న పెద్ద సేనాపతికి అది కనబడలేదు. మాకు ఖాళీకి బదులు ఉప్పు కుప్ప పడింది, అంతే తేడా.

"ముగ్గురూనా! ఒక్క వంటలో! ఎందుకు?"

ఈసారి అడిగింది సుగ్రీవ కాదు, అత్తగారు. డైరెక్టరుగారి ముందు, ముక్కూ ముఖం తెలియని ఎనిమిది వందల మంది ముందు ఎలా చెప్పడం? యామిని బిత్తరపోయి తల్లినీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది.

అత్తగారు మా ముగ్గురి చెవుల వైపూ చూశారు. తన గొంతుకు అంటించిన బిళ్ళను వేలితో తాకి చూసుకున్నారు. ఆవిడకి అర్థమైంది. తరువాత బిళ్ళ ఊడబెరికి స్టూలు మీద పెట్టి, హాస్టల్ మూడో అంతస్తుకు వినబడే గొంతుతో అన్నారు:

"నాకు నోటి రుచి పోయింది. ఆ మధ్య జ్వరం తగిలినప్పటి నుంచి ఉప్పూ తెలీదు, కారమూ తెలీదు. ఇదిగో, చెప్పాను. ఎవరైనా ఏమన్నా అనేదుంటే అనండి."

పైడమ్మ గరిటె కింద పెట్టి ముందుకొచ్చింది.

"నాకెప్పుడో తెల్సమ్మగోరూ" అంది పైడమ్మ. "రోజూ మీరటు తిరగ్గానే నానే సర్దీసేదాన్ని. ఇయ్యాల ఈళ్ళిద్దరూ కూడా ఏస్తారని నాకేటి తెల్సు?"

"నువ్వా!" అన్నారు అత్తగారు. "మరి మీరు?"

మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "నాకు అంతకు ముందే తెలుసు త్రిపురా. ఓ రోజు కాఫీలో పంచదార బదులు ఉప్పు వేసి ఇచ్చావు."

"మీరేం అనలేదే!"

"తాగేశాను."

"ఉప్పు కాఫీ తాగేశారా?"

"గ్లాసు మొత్తం."

ముందు అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకుని నేను ఒక అడుగు వేశాను. నవ్వుతున్నారు. ఆవిడ అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. పైడమ్మ అందుకుంది, నేను అందుకున్నాను. మెట్ల మీది జనానికి సగం అర్థమై, సగం అర్థంకాక వాళ్ళూ నవ్వారు.

"సరే, వినండి" అని అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "వీళ్ళందరూ కడుపునిండా తినాలి. అదొక్కటే పని. ఎలా చేస్తారో మీ ఇష్టం. కానీ ఎవరు ఏం చేస్తున్నా గట్టిగా అరిచి చెప్పండి. అందరికీ వినబడాలి."

"కందిపప్పు ఎక్కడుందో అదంతా ఉడకేసెత్తన్నాను! ఉప్పు లేకండా!" అని అరిచింది పైడమ్మ.

"నేను చింతపండు నానబెడుతున్నా!" అన్నాను.

"ఇంకో నాలుగు గుండిగలు తెస్తున్నాను!" అన్నారు మామయ్యగారు. ఆయన అరవగలరని మా ఎవరికీ తెలియదు.

మెట్ల మీంచి మునిగిపోయిన మనుషులు లేచారు. "మా పాక మీద సొరకాయలున్నాయి, కోసుకొత్తన్నాను!" "గుమ్మిడికాయ మా ఇంట్లోది!" "కట్టెలు నానట్టుకొత్తాను!" ఒకావిడ కత్తిపీట పట్టుకుని ఇసుకలో కూర్చుంటే, ఆమె చుట్టూ పదిమంది చేరారు. యామిని పెట్టె వదిలేసి, "నేను టమాటాలు తరుగుతున్నా!" అని అరిచి వేలు కోసుకుంది. "యామినికి వేలు తెగింది, నేను గుడ్డ కడుతున్నా!" అన్నారు డైరెక్టరుగారు. ఆయన కూడా నేర్చుకున్నారు.

ముగ్గురు వేసిన ఉప్పుకి మూడింతల సాంబారు అయింది. గుండిగలు చాలక పల్లెవాళ్ళు పెళ్ళిళ్ళకి వాడే డేగిసాలు తెచ్చారు. ఉప్పు ఎవరు చూడాలన్న ప్రశ్న రాగానే, "పైడమ్మ ఒక్కర్తే! ఇంకెవరూ ముట్టుకోవద్దు!" అని అత్తగారు కేకేశారు. అనుకున్న వేళ దాటిపోయింది. ఎవరూ గడియారం చూడలేదు. వాసనకి పక్క పల్లె నుంచి కూడా జనం వచ్చారు. అందరికీ సరిపోయింది. బందోబస్తుకి వచ్చిన పోలీసు జీపు డ్రైవరు మూడోసారి వడ్డించుకుంటూ, "నిజం తుఫానుకి కూడా వీళ్ళనే పిలవండి సార్" అన్నాడు.

అధికారిణి చేతులు కడుక్కుని యామిని దగ్గరికి వచ్చింది. యామిని తల దించుకుంది.

"మీ పెట్టె అడిగే ప్రశ్న నాకు నచ్చింది" అంది ఆవిడ. "కానీ నాకు ఈ కేకలు కూడా కావాలి. ఒకళ్ళు చేసేది పక్కవాళ్ళకి వినబడాలి. అది పెట్టగలరా?"

"పెట్టగలను మేడమ్" అంది యామిని. తరువాత నావైపు తిరిగి, "వదినా, ఆ ఓడిపోయిన యుద్ధం ఏదో సాయంత్రం చెప్పు. మొత్తం" అంది.

వారం తిరగకుండానే ప్రయోగశాలలో రగడ అయింది. యామిని సుగ్రీవలోంచి ఒక భాగాన్ని తీసేస్తానంది. మనిషి చెప్పిన కారణాన్నే అది అందించాలి, దాచుకున్నదాన్ని తవ్వి తీయకూడదు.

డైరెక్టరుగారు నెత్తి పట్టుకున్నారు. "అసలు ఆవిష్కరణే అది కదమ్మా! మనసులో ఉన్నది ఉన్నట్టు అందుకునే పెట్టె ప్రపంచంలో ఇంకెక్కడుంది?"

"ఎందుకు సార్ మనకది?" అంది యామిని.

ఆయన నోరు తెరిచి, మూసి, నేను మార్న్ యుద్ధం చెప్పగా బల్లమీద మిగిలిన శనగలు రెండు తీసుకుని నమిలారు. నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆ వేళ సముద్రం ఒడ్డున అత్తగారు బిళ్ళ ఊడబెరికి నోరు తెరిచి చెప్పారే, ఆ మాటకున్న విలువ ముందుగా మా చెవుల వెనక దొంగతనంగా చేరిన దానికి లేదు. అప్పటికి తెలిసి కూడా మేం ముగ్గురం మూగవాళ్ళమే అయ్యాం. ఆవిడ చెప్పాకే ఎనిమిది గుండిగల కింద పొయ్యిలు వెలిగాయి. యామిని ఆ భాగం విప్పి నా చేతిలో పెట్టింది. గోరంత ఉంది. నా పర్సులో ఎక్కడో పడేశాను.

ఇప్పుడు తీరం పొడవునా షెల్టర్లలో సుగ్రీవలున్నాయి. మాదే పాతది, అలమరలోనే ఉంది. అత్తగారు దాన్ని వదిలిపెట్టనన్నారు. పొద్దున్నే దానికి పసుపు బొట్టు పెట్టారు కూడా. యామిని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు.

ఇవాళ పొద్దున వంటింట్లో పప్పుచారు మరుగుతోంది. గరిటె అత్తగారి చేతిలోనే ఉంది. గరిటెడు తీసి, ఊది, పైడమ్మ నోటి దగ్గర పెట్టారు. పైడమ్మ కళ్ళు మూసుకుని చప్పరించి, రెండు వేళ్ళు చూపించింది. అత్తగారు రెండు చిటికెలు వేసి, మెట్ల వైపు తలెత్తి అరిచారు.

"ఉప్పు పైడమ్మ చూసింది! ఎవరూ ముట్టుకోవద్దు!"

"ఎందుకు?" అంది సుగ్రీవ.

నేను కొత్తిమీర వదిలేశాను. మామయ్యగారు దుంప కింద పెట్టారు. పైనుంచి తలలు దువ్వుకుంటున్న పిల్లలు మెట్ల కటకటాల మీదికి వంగారు. అరవైమంది ఒక్క గొంతుతో అరిచారు.

"ఆంటీకి రుచి తెలీదు కాబట్టి!"

"నా మర్యాద ఏడ్చినట్టే ఉంది" అన్నారు అత్తగారు నవ్వుతూ, గరిటె తిప్పుతూ. "రండి, వేడిగా ఉంది."